పేరు తెలిసిన సాక్షి

నీటిగది దినచర్య

సోమవారం

సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే పని మామూలుగానే సాగింది. రెండో ట్యాంకులో కాల్షియం కాస్త తగ్గితే కలిపాను. తాగి చూశాను, బాగున్నాయి. నియమం ప్రకారం ఈ దినచర్యలో ఇంతవరకే రాయాలి. కానీ దీన్ని చదవాల్సిన పర్యవేక్షకుడు బదిలీ అయి వెళ్ళాక ఆ స్థానంలో ఇంకొకర్ని వేయలేదు. కాబట్టి మిగిలిన జాగా నాది.

కాన్సులేటు ఓడ వచ్చింది. ఏడాదికోసారి వచ్చి మా తెప్ప పక్కన లంగరు వేస్తుంది. క్యాంటీన్ హాల్లో ఒక బల్ల, దాని వెనక ఒక తెర, పాస్‌పోర్టు గడువు తీరబోయేవాళ్ళ వరుస. తెప్ప అంటే వెదురు తెప్ప కాదు. ఏ దేశానికీ చెందని సముద్రం మీద ఇనుమూ నురగ సిమెంటూ కలిపి పోసిన ఊరు. నాచు పెంచుతాం, ఎండబెడతాం, పిండి చేసి పంపుతాం. సగం ప్రపంచం దాన్ని తింటూ రుచి లేదని మమ్మల్ని తిడుతుంది. దేశం కాని చోటు గనక ఇక్కడ అందరూ పరాయివాళ్ళే. ఎన్నేళ్ళున్నా ఈ ఊరివాళ్ళం కాలేం. చెల్లే పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళే ఉండనిస్తారు.

నాది వచ్చే నెలతో సరి. అరవై దాటినవాళ్ళకి తెప్ప మీద కొత్తగా పని ఇవ్వరు. ఉన్నది కొనసాగించుకోవచ్చు, అంతే. మధ్యలో తెగిందంటే కాన్సులేటు ఓడలోనే ఎక్కించి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. నాకు అరవై దాటి ఎంతకాలమైందో ఈ దినచర్యకి అనవసరం.

కంగారేమీ లేదు. సాక్షిగా పంపుల ఇంజనీరు రిత్విక్‌ని తీసుకెళుతున్నాను. సాక్షికి మనం పదేళ్ళుగా తెలిసి ఉండాలని నిబంధన. తెప్ప మీద పదేళ్ళున్న మనుషులే తక్కువ, అందరూ రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చి డబ్బు మూటకట్టుకుని పోయేవాళ్ళు. రిత్విక్ మాత్రం ఉండిపోయాడు. రోజూ నా గదిలో కాఫీ తాగుతాడు. ఇన్నేళ్ళు నా కాఫీ తాగినవాడు నా గురించి నాలుగు మాటలు చెప్పలేడా.

మంగళవారం

చెప్పలేడు.

మా చిన్నప్పుడు వేలిముద్ర వేస్తే, కెమెరాకేసి చూస్తే పాస్‌పోర్టు వచ్చేది. తర్వాత వేళ్ళూ కళ్ళూ గొంతులూ బజార్లో అమ్మకానికి వచ్చాయి. ఒకే మొహంతో నలుగురు ఒకే విమానం ఎక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. దాంతో ప్రభుత్వాలు యంత్రాలని నమ్మడం మానేసి, మా తాతల కాలంలోలాగా ‘ఈమె నీకు తెలుసా’ అని మనుషుల్ని అడగడం మొదలుపెట్టాయి. పద్ధతి తేలికే. సాక్షి ఒక్కడే తెర వెనక్కి వెళ్ళి మన పేరు చెప్పాలి, తనకి మనం ఏమవుతామో చెప్పాలి, ఏ రికార్డులోనూ లేని సంగతి ఒకటి మన గురించి చెప్పాలి. తర్వాత మనం వెళ్ళి, ఆ సాక్షి మన గురించి ఏం చెప్పి ఉంటాడో చెప్పాలి. రెండూ కలిస్తే ముద్ర పడుతుంది. ముందే కూడబలుక్కుంటే ఇద్దరి పాస్‌పోర్టులూ రద్దు.

రిత్విక్ వెళ్ళినంత వేగంగానే బయటికొచ్చాడు.

“ఏమైంది?” అన్నాను.

“పేరడిగారండీ.”

“చెప్పలేదా?”

“చెప్పానండీ. మామ్మగారు అన్నాను.”

నేను అతని మొహంకేసి చూశాను.

“అది పేరు కాదన్నారండీ. అప్పుడు వాటర్ మామ్మగారు అన్నాను.”

అతని వెనకే అధికారిణి వచ్చింది. ఆఫ్రీన్ అని, నంద్యాల మనిషి. సాక్ష్యం సొంత భాషలోనే తీసుకోవాలి గనక మాకు తెలుగు అధికారినే పంపుతారు. “మేడమ్, ఈయనకు మీరంటే శానా గౌరవం,” అంది. “పేరొక్కటే తెలీదు.”

“ఇన్నేళ్ళ నుంచి నా కాఫీ తాగుతున్నావు కదయ్యా,” అన్నాను.

“కాఫీకి పేరుతో పనేంటండీ, అడక్కుండానే ఇచ్చేవారు కదా. తలుపు మీద ఎల్. ముదిగొండ అని ఉంటుంది కదండీ. లక్ష్మి అయ్యుంటుందిలే అనుకునేవాణ్ణి. తీరా ఆవిడ అడిగేసరికి లలితేమోనని అనుమానం వచ్చింది. తప్పు చెప్తే మీకు ఇబ్బందవుద్దని మామ్మగారు అనేశానండీ.”

“లాస్య.”

“ఎవరండీ?”

“నేను.”

అతను నన్ను తల నుంచి కాళ్ళదాకా చూశాడు. మోకాళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు చూశాడు. “ముసలాళ్ళకి అలాంటి పేర్లుంటాయాండీ?” అన్నాడు.

మా కాలంలో ప్రతి బెంచీకీ ఒక లాస్య ఉండేదని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు.

ఒకసారి తప్పిన సాక్షి ఇంక పనికిరాడు. ఇప్పుడు పేరు తెలిసినా అది నేను చెప్పగా తెలిసినది. “ఓడ శనివారం పోతాది. శుక్రవారం పొద్దున ఇంకొకర్ని తీసుకరండి,” అంది ఆఫ్రీన్. “దొరక్కపోతే సామాన్లు సర్దుకోవల్ల మేడమ్. నాకూ బాధే.”

నిజంగానే బాధపడింది. అది నాకు మరీ నచ్చలేదు.

బుధవారం

నీళ్ళు బాగానే ఉన్నాయి. బాగాలేనిది నేనే.

పొద్దుటి నుంచి తెప్పంతా తిరిగి కనిపించిన ప్రతి తెలుగువాణ్ణీ ‘నా పేరేమిటి’ అని అడిగాను. క్యాంటీన్ వంటాయన భయపడి, మజ్జిగలో ఉప్పు ఎక్కువైందా మామ్మగారూ అన్నాడు. నాచు ఆరబోసే ఆడవాళ్ళు తమలో తాము గుసగుసలాడి, చివరికి ఒకావిడ, పెద్దవాళ్ళ పేరు మేమెలా పలుకుతామండీ అంది. తెలిస్తే కదా పలకడానికి. డాక్టరుకి తెలుసు, కానీ ఆయనకి తెలిసింది రికార్డు చూసి. రికార్డు చూసి తెలిసింది చెల్లదు.

ఎవర్నీ తప్పుపట్టలేను. మనవాళ్ళు మనిషి కనబడగానే వయసు చూసి ఒక వరస కలిపేస్తారు. అక్క, పిన్ని, మామ్మ. వరస కలిశాక పేరు అడగడం, ఇంట్లోకి వచ్చాక తలుపు తట్టినట్టు ఉంటుంది. నాకూ అది సుఖంగానే ఉండేది. మామ్మగారు అంటే లేచి నిలబడతారు, కుర్చీ ఇస్తారు, ఎదురు చెప్పరు. కాకినాడలో రసాయనశాస్త్రం చెప్పినప్పుడు మేడమ్‌ని. ఇంట్లో అమ్మని. మా ఆయన లాసూ అనేవాడు. ఆయన పోయాక ఆ పిలుపు ఇంకెవరి నోటా వినలేదు. పేరు ఒంటి మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. జారిన చప్పుడైనా కాలేదు.

తెప్ప మీద నన్ను ఇప్పటికీ పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కతే ఉంది. గౌరవించి కాదు. నన్ను తక్కువ చేయాలని.

కల్వల మన్విత, హుజూరాబాద్ మనిషి. మోకుల షెడ్డు పెద్ద, పదేళ్ళ పైమాటే పరిచయం. ఆవిడ కొడుకూ నా కూతురూ ఇక్కడే చూసుకుని ఇక్కడే పెళ్ళి చేసుకున్నారు. అప్పుడు నేను ఆవిడకి వదినని, ఆవిడ నాకు వదినగారు. మనవరాలు పుట్టింది, ఇహ అని పేరు పెట్టారు. నాలుగేళ్ళ కిందట పిల్లలిద్దరూ విడిపోయారు. వాళ్ళు చాలా మర్యాదగా విడిపోయారు. సామాన్లు పంచుకుని, ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకుని, చెరొక ఓడా ఎక్కారు. అమర్యాదగా విడిపోయింది మేమిద్దరం. రేవు మీద అందరూ చూస్తుండగా ఆవిడ నా పెంపకం గురించి మాట్లాడింది, నేను ఆవిడ పెంపకం గురించి మాట్లాడాను. చివర్లో ఆవిడ, “ఇగ నువ్వు నాకు ఏం గావు, లాస్యా,” అంది. వదిన పోయింది, పేరు మిగిలింది.

ఆనాటి నుంచి ఆవిడ కనబడితే లాస్యా అంటుంది. నేను ఆవిడని ఏమీ అనను. ఏమీ పిలవకుండా మాట్లాడటానికి తెలుగులో చాలా నేర్పు కావాలి. ‘ఇదుగో’, ‘చూడండి’ అనుకుంటూ నెట్టుకొస్తున్నాను. ఆదివారాలు ఇహ తెప్ప ఫోనుగదికి ఫోన్ చేస్తుంది. ముందు నాతో మాట్లాడుతుంది. తర్వాత నానమ్మకివ్వు అంటుంది. నేను రిసీవర్ ఆవిడ చేతికివ్వను. కుర్చీలో పెట్టి బయటికొస్తాను. ఆవిడ వచ్చి కుర్చీలోంచి తీసుకుంటుంది.

అలాంటి మనిషి తెర వెనక కూర్చుని నా గురించి ఒక సంగతి చెప్పాలి. అదేమిటో నేను ఊహించాలి.

గురువారం

రిత్విక్‌కి కవాటాల వరస మొత్తం చూపించాను. “ఇవన్నీ ఇప్పుడెందుకండీ,” అన్నాడు. “శనివారం తర్వాత నీళ్ళు తాగవా?” అన్నాను. అతను తుడిచిన పైపునే మళ్ళీ తుడిచాడు.

వెనక్కి వెళితే ఏముంది అని నన్ను నేనే అడుక్కున్నాను. దేశం ఉంది. నేను పాఠం చెప్పిన కాలేజీ, సముద్రాన్ని ఆపడానికి కట్టిన అలల గోడకి అవతలి వైపుకి పోయింది; ఆటుపోటు తగ్గినప్పుడు మేడ మీది ల్యాబ్ కిటికీలు కనిపిస్తాయని ఎవరో చెప్పారు. పింఛను తీసుకునేవాళ్ళ వసతిగృహంలో మంచం ఇస్తారు. అక్కడా నన్ను మామ్మగారూ అనే అంటారు, కానీ ఆ పిలుపుకి చెయ్యాల్సిన పనేమీ ఉండదు. ఇక్కడ పొద్దున్నే నేను గ్లాసు ఎత్తి తాగి బాగున్నాయి అంటే తప్ప క్యాంటీన్‌లో పొయ్యి వెలగదు. మీటరు ముందే చెబుతుంది, అయినా వంటాయన నా మాట కోసం ఆగుతాడు. మనిషి బతకడానికి ఇది పెద్ద కారణం కాకపోవచ్చు. నాకు ఉన్నది ఇదే.

మధ్యాహ్నం మోకుల షెడ్డుకి నడిచాను. పడమటి అంచున ఉంటుంది. తెప్పని సముద్రం అడుక్కి కట్టి ఉంచే ప్రతి మోకూ ఆవిడ చేతుల్లోంచే వెళ్ళాలి. బల్ల మీద ఒక మోకు పరిచి, పోగులు విప్పి చూస్తోంది. తలెత్తకుండానే, “ఏం లాస్యా, తొవ్వ తప్పినవా?” అంది.

“లేదు. ఇటే వచ్చాను.”

“గట్లనా. నాలుగేండ్ల సంది ఇటు దిక్కు మొకం గూడ తిప్పలే. కూసో.”

కూర్చోలేదు. “కాన్సులేటువాళ్ళు వచ్చారు,” అన్నాను.

“ఎరుకే. పంపులాయన పోయి మామ్మ అని చెప్పొచ్చిండట గదా. క్యాంటీన్ల అందరు నవ్వుతున్నరు.”

“నవ్వనివ్వండి.”

“నేను గూడ నవ్విన.”

మోకు తిప్పింది. పాడైన చోట సుద్దతో గీత పెట్టింది. ఆవిడ చేతులు నాకంటే ముసలివైపోయాయి. నేను చూడటం మానేశాక అయి ఉంటాయి.

“రేపు పొద్దున మళ్ళీ పిలిచారు,” అన్నాను. “పదేళ్ళు పైబడి తెలిసినవాళ్ళు కావాలట. పేరు తెలిసి ఉండాలట.”

“అయితే?”

“అయితే ఏముంది. నిబంధన చెబుతున్నాను.”

“నిబంధన చెప్పనీకి గింత దూరం నడిచొచ్చినవా, ఆ మోకాళ్ళతోని?”

చేతిలో మోకు పట్టుకుని అలాగే నిలబడింది. నా మొహంలోకి చూస్తోంది. ఏదో మాట కోసం ఆగినట్టు అనిపించింది. గాలి షెడ్డు రేకుల్ని కొడుతోంది. నేను సుద్దగీతకేసి చూశాను.

“మీకు ఖాళీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు,” అన్నాను.

“ఇంకేమన్న ఉన్నదా?”

“లేదు.”

“మరి పో. గాలి మారుతున్నది, నాకు పనున్నది.”

తిరిగొచ్చాక బట్టలు సర్దడం మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. ఆశతో కాదు, మోకాళ్ళు నొప్పిగా ఉండి.

శుక్రవారం

నీళ్ళు చూసే పని ఇవాళ రిత్విక్‌కి అప్పజెప్పాను. బాగున్నాయని అతనే చెప్పాడట. వంటాయన పొయ్యి వెలిగించే ముందు, నువ్వు చెప్తే సరిపోద్దా అని అడిగాడట.

క్యాంటీన్ హాలుకి నేను ముందుగా వెళ్ళి కూర్చున్నాను. మన్విత ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూడలేదు. నేరుగా తెర వెనక్కి వెళ్ళిపోయింది. చాలాసేపు ఉంది. ఒకసారి ఆఫ్రీన్ నవ్వు వినబడింది. నవ్వు వినబడితే మంచిదో చెడ్డదో నాకు తేలలేదు. మన్విత బయటికొచ్చి అలాగే నా ముందు నుంచి నడిచి వెళ్ళిపోయింది.

నన్ను పిలిచారు.

“మీ సాక్షి మీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పినారు మేడమ్,” అంది ఆఫ్రీన్. “ఇంటిపేరు రెండుసార్లు చెప్పినారు, కోపంగా. అది సరిపోయింది. ఇప్పుడు మీరు చెప్పండి, ఆమె మీకు ఏమవుతుంది?”

ఏమవుతుంది. వియ్యపురాలు అంటే అబద్ధం. ఏమీ కాదు అంటే ఆవిడ మాట నేను ఒప్పుకున్నట్టు. “మా ఇద్దరికీ ఒకే మనవరాలు,” అన్నాను. “పేరు ఇహ.”

ఆఫ్రీన్ ఏదో రాసుకుంది. “ఆమె కూడా ఈ మాటే అన్నారు. ఇప్పుడు చివరిది. తొందరలేదు, ఆలోచించుకోండి. మీ గురించి రికార్డుల్లో లేని సంగతి ఏం చెప్పి ఉంటారు? ఒక్కటే చెప్పల్ల, ఒక్కసారే.”

తొందరలేదని చెప్పడం సులువు. ఏం చెప్పి ఉంటుంది? పొగరు అని ఉంటుంది. కూతుర్ని మందలించలేదని అని ఉంటుంది. నా నాలుక గురించి అయితే తెప్ప మీద ఎవర్ని అడిగినా చెబుతారు, అది సంగతే కాదు. చేదువి ఏరుకుంటూ పోతే నాకే చాలా దొరికాయి. ఒక్కొక్కటీ తీసి చూస్తే, అన్నీ నేను ఆవిడని తిట్టాలనుకున్నవే. ఆవిడ కళ్ళతో నన్ను చూస్తున్నానని అనుకుంటూ నా కళ్ళతో ఆవిణ్ణే చూస్తున్నాను.

కాబట్టి ఆవిడ నిజంగా నన్ను చూసిన చోటికి వెళ్ళాను. దూరం వెళ్ళక్కర్లేదు, నిన్నటి షెడ్డు. మోకు పట్టుకుని నిలబడి నా మొహంలోకి చూసింది. ఒక మాట కోసం ఆగింది. ఆ మాటేమిటో నాకు అప్పుడే తెలుసు. తెలిసే సుద్దగీతకేసి చూశాను.

“నాకు అడగడం రాదని చెప్పి ఉంటుంది,” అన్నాను.

“అంటే?”

“ఏదైనా కావాలంటే ఇది నాకు కావాలి, ఇవ్వండి అని నోరు తెరిచి అడగను. నిన్న ఆవిడ దగ్గరికి ఇందుకే వెళ్ళాను. నిబంధన అప్పజెప్పి వచ్చేశాను. సాక్ష్యానికి రమ్మని అడగలేదు.”

ఆఫ్రీన్ కలం కింద పెట్టింది. ముద్ర తీసింది, సిరా అద్దింది, వేసింది. తర్వాత కాగితం తన వైపు తిప్పుకుంది. “సాక్షి మాటలు చదివి వినిపించల్లని రూలు. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసినా. వినండి.”

నంద్యాల గొంతులో హుజూరాబాద్ మాటలు విన్నాను.

“ఈమెకు అడుగుడు రాదు. పానం పోతున్నా అడగది. నిన్న నా కాడికి ఒచ్చి నిబంధన చెప్పి పోయింది. రా, సాక్ష్యం చెప్పు అని ఒక్క ముక్క అనలే. అనకపోతే నాకు కోపమొచ్చింది. గని తర్వాత ఆలోచన జేసిన. నా చేతులు పట్టుకొని బతిమిలాడి ఉంటే, ఎవరో లాస్య మొకం పెట్టుకొని ఒచ్చిండ్రని తలుపేసుకుందును. అడగలే గాబట్టి ఆమెనే అని ఖాయం చేస్కున్న. గందుకే ఒచ్చిన.”

ఒకప్పటి దరఖాస్తుల్లో పుట్టుమచ్చలు రాసే గడి ఉండేది. ఎడమ చెంప మీద, కుడి మోచేతి కింద అని రాసేవాళ్ళం. ఇప్పుడు ఆ చోట నా ప్రభుత్వంవారు ఈ మాట అతికించారు. ఎవరూ దొంగిలించలేని గుర్తే. దొంగిలించినా వాడికి దీంతో ఒక్క పనీ జరగదు.

కొత్త పాస్‌పోర్టు పదేళ్ళు చెల్లుతుంది. దాన్ని జాకెట్లో పెట్టుకుని బయటికొచ్చాను. వెళ్ళిపోయిందనుకున్న మన్విత నడవాలో బల్ల మీద కూర్చుని ఉంది.

“అయ్యిందా?” అంది.

“అయింది.”

“ఏం చెప్పినవ్?”

“మీరు చెప్పిందే.”

కాసేపు సముద్రంకేసి చూసింది. “మంచిగయ్యింది. ఇగ పోయి నీళ్ళు చూస్కో, వదినా,” అంది.

వదినా. నాలుగేళ్ళ తర్వాత ఆ పిలుపు వచ్చి నా ఒళ్ళో పడింది. తీసుకుంటే సరిపోయేది. వరస కలిసిపోతుంది, అందరిలాగే ఈవిడా పేరు మరిచిపోతుంది, నేను మళ్ళీ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతాను. తెప్ప మీద లాస్య అనే మనిషి ఉన్నట్టు తెలిసింది ఈవిడ ఒక్కదానికే.

“వద్దు,” అన్నాను.

మొహం గట్టిపడింది. “ఏం వద్దు?”

“వదినా అనకు. పేరు పెట్టే పిలువు, మన్వితా.”

ఆవిడ పేరు పైకి పలకడం నాకు అదే మొదటిసారి. నా నోట్లో కొత్తగా ఉంది. ఆవిడకీ కొత్తగానే వినబడినట్టుంది.

“గిది చెప్తున్నవా, అడుగుతున్నవా?” అంది.

కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

“అడుగుతున్నాను.”

మన్విత నా మొహాన్ని దగ్గరగా, ఆ పక్కా ఈ పక్కా, మోకులో పోగులు చూసినట్టు పరీక్షగా చూసింది.

“పాస్‌పోర్టు వాపస్ ఇచ్చి రా పో,” అంది. “నువ్వు లాస్యవు గాదు.”